మూడు కాగితాలు, మూడు అంకెలు: .308 లోడ్ డేటాలో దేన్ని నమ్మాలి?

అల్వాల్‌లో పెరిగి ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర .308 వించెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన రీలోడింగ్ (పేలిన ఇత్తడి కేస్‌లను మళ్ళీ నింపి తూటాలు చేసుకోవడం) మానేస్తూ తన పాత ప్రెస్‌నూ, కేస్‌కు ఆకారమిచ్చే అచ్చులైన డైలనూ, సగం వాడిన 4895 పౌడర్ డబ్బానూ, 1970ల నాటి ఒక మాన్యువల్‌నూ ఈయన చేతిలో పెట్టారు. 168 గ్రెయిన్ల బుల్లెట్‌కు (బుల్లెట్ అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క, గ్రెయిన్ ఒక చిన్న తూకం) ఎంత పౌడర్ వేయాలని చూస్తే మాన్యువల్‌లో ఒక అంకె, పెద్దాయన చేతిరాత చీటీలో మరొక అంకె, నెట్‌లో దొరికిన పట్టికలో ఇంకొక అంకె కనిపించాయట. మూడింటి మధ్య తేడా రెండు గ్రెయిన్లు దాటింది. “ఏది కరెక్ట్ అంకుల్? సగటు తీసుకోమంటారా?” అని అడిగారు.

సగటు మాత్రం తీసుకోకండి. మూడు వేర్వేరు పరీక్షల ఫలితాలను కూడి మూడుతో భాగిస్తే వచ్చేది ఎవరూ ఏ తుపాకీలోనూ పరీక్షించని నాలుగో అంకె. పైగా ఆ మూడింటిలో ఒకటి అసలు మీ డబ్బాలో ఉన్న పౌడర్‌ది కాకపోవచ్చు. ఆ సంగతి కింద వివరిస్తాను. ఈ జవాబులో ఎక్కడా పౌడర్ తూకం రాయబోవడం లేదని కూడా ముందే చెబుతున్నాను. ఒహాయోలో ఇరవై రెండేళ్ళు ఉండి, అందులో పద్దెనిమిదేళ్ళు పోటీలకు నా తూటాలు నేనే తయారు చేసుకున్నాను కనుక నా రైఫిల్‌లో బాగా పనిచేసిన తూకాలు నోటు పుస్తకం నిండా ఉన్నాయి. కానీ అవి పక్కింటాయన బీపీ మాత్రల వంటివి. ఆయనకు పడ్డాయి కదా అని మనం మింగడానికి వీల్లేదు.

లోడ్ డేటాను అంకెగా చూడడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. అది ఒక పరీక్ష నివేదిక. ఫలానా కంపెనీ ఇత్తడి కేస్‌లో ఫలానా ప్రైమర్ (పిన్ను తగలగానే పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ళ) అమర్చి, ఫలానా పౌడర్‌ను ఇన్ని గ్రెయిన్లు పోసి, ఫలానా బుల్లెట్‌ను ఇంత లోతుకు దించి, ఇంత పొడవున్న టెస్ట్ బ్యారెల్‌లో పేల్చినప్పుడు ఇంత వేగమూ ఇంత ఒత్తిడీ వచ్చాయి అని చెప్పే వరుస అది. మన కళ్ళు నేరుగా గ్రెయిన్ల గడి మీదకు పోతాయి. నన్నడిగితే ఆ గడిని అన్నిటికన్నా చివర చదవాలి. మిగిలిన గడులన్నీ మీ బల్ల మీద ఉన్న వస్తువులతో సరిపోలిన తర్వాతే దానికి అర్థం ఉంటుంది.

ఎందుకింత పట్టింపు అంటే, .308 వించెస్టర్‌కు అమెరికా ప్రమాణాల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ సగటు ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, అంటే 62,000 పీఎస్‌ఐ. (పేరు వింటే మన ఊళ్ళో సామి గుర్తొస్తాడు కానీ, ఇది 1926 నుంచి ఉన్న సంస్థ.) మీ కారు టైరులో ఉండేది 32 పీఎస్‌ఐ అనుకుంటే ఇది దానికి 1,900 రెట్లకు పైనే. అది మీ చెంపకు జానెడు దూరంలో పుడుతుంది. పౌడర్ తూకం పెంచినకొద్దీ ఒత్తిడి అదే నిష్పత్తిలో పెరగదు. గరిష్ఠానికి దగ్గరపడే కొద్దీ చిన్న పెంపుకే పెద్దగా ఎగబాకుతుంది. పాలు పొంగడం చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మీ మూడు కాగితాల సంగతి చూద్దాం.

మొదటిది 1970ల మాన్యువల్. ఆ పుస్తకాన్ని పారేయకండి. కేస్‌ను ఎలా సైజు చేయాలి, ఎలా కత్తిరించాలి, డైను ఎలా అమర్చాలి అని చెప్పే అధ్యాయాలు చాలా పాత మాన్యువళ్ళలో ఇప్పటి వాటికన్నా ఓపికగా రాసి ఉంటాయి. పట్టికలను మాత్రం వాడకండి. యాభై ఏళ్ళలో పౌడర్ తయారీ మారింది, బుల్లెట్ల ఆకారాలూ జాకెట్లూ మారాయి, ఒత్తిడిని కొలిచే పద్ధతే మారింది. ఆ రోజుల్లో ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) పక్కన రంధ్రం చేసి, అందులో పిస్టన్ మీద చిన్న రాగి స్తూపాన్ని పెట్టి, పేల్చిన తర్వాత అది ఎంత నలిగిందో కొలిచి ఒత్తిడిని లెక్కగట్టేవారు. ఆ కొలతను సీయూపీ (కాపర్ యూనిట్స్ ఆఫ్ ప్రెషర్) అంటారు. రాగి నలగడానికి కొంత సమయం కావాలి కనుక, రెప్పపాటులో వెయ్యోవంతు కాలం నిలిచే శిఖరాన్ని అది పూర్తిగా పట్టుకోలేదు. ఇప్పుడు పైజో ఎలక్ట్రిక్ సెన్సర్లతో ఒత్తిడి గీత మొత్తాన్ని చూస్తున్నారు. అదే .308కు పాత పద్ధతిలో గరిష్ఠం 52,000 సీయూపీ, కొత్త పద్ధతిలో 62,000 పీఎస్‌ఐ. రెండూ ఒకే తూటాకు పెట్టిన హద్దులే. ఒకదాని నుంచి మరొకదాన్ని రాబట్టే కచ్చితమైన సూత్రం లేదు. కనుక పాత పుస్తకంలో 50,000 అని చూసి, “మన హద్దు 62,000 కదా, ఇంకా చోటుంది” అనుకునేవారు కొరివితో తల గోక్కుంటున్నట్టే.

రెండోది పెద్దాయన చీటీ. మీరు పంపిన వివరాల ప్రకారం అందులో “4895” అని మాత్రమే ఉంది. ఏ 4895? హాడ్జ్‌డన్ అమ్మేది హెచ్4895, మరొకటి ఐఎంఆర్ 4895. రెండూ వేర్వేరు పౌడర్లు. రెండింటికీ మూలం ఒకటే: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గరాండ్ రైఫిల్ తూటాలకు వాడిన సైనిక పౌడర్. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఆ నిల్వలను కొని అమ్మడంతోనే బ్రూస్ హాడ్జ్‌డన్ తన వ్యాపారం మొదలుపెట్టాడు. 2003లో ఐఎంఆర్ కంపెనీని కూడా హాడ్జ్‌డన్ సంస్థ కొనేయడంతో ఇప్పుడు రెండు పేర్లూ ఒకే గొడుగు కిందకు వచ్చి అయోమయం ఇంకా పెరిగింది. 4350, 4831 అంకెలకూ ఇదే చిక్కు ఉంది. పౌడర్ పేరులో అంకెకు ముందున్న అక్షరాలు మన ఇంటిపేరు వంటివి. సుబ్బారావు అంటే ఊళ్ళో పదిమంది పలుకుతారు.

ఈ విషయంలో నాకు జరిగినది చెబుతాను. రీలోడింగ్ మొదలుపెట్టిన మూడో ఏడు, .30-06 రైఫిల్‌కు మంచి లోడ్ కోసం వెతుకుతుంటే ఒక మిత్రుడు ఫోన్లో తన లోడ్ చెప్పాడు. “4350, ఇన్ని గ్రెయిన్లు” అని కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. ఆయన వాడేది హెచ్4350, నా దగ్గర ఉన్నది ఐఎంఆర్ 4350, అది కొంచెం వేగంగా మండుతుంది. ఆయన చెప్పిన తూకం ఆయన రైఫిల్‌కే గరిష్ఠానికి ఆనుకొని ఉన్నదట. ఆ మాట ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మొదటి రెండు గుళ్ళూ లక్ష్యంలో పక్కపక్కనే పడ్డాయి, సంబరపడ్డాను. మూడో గుండు తర్వాత బోల్ట్ పైకి లేవలేదు. అరచేత్తో రెండు మూడుసార్లు గుద్దితే లేచింది. కేస్ బయటికి వచ్చాక చూస్తే అడుగున ప్రైమర్ లేదు. ఊడి మ్యాగజైన్‌లో పడి ఉంది. ఇత్తడి మడమ (కేస్ అడుగు) మీద, కేస్‌ను బయటికి నెట్టే ఎజెక్టర్ రంధ్రం అచ్చు గుండ్రంగా, రుద్దిన రూపాయి బిళ్ళలా మెరుస్తోంది. మొదటి రెండు కేస్‌లను అప్పుడు తీసి చూశాను. వాటి ప్రైమర్లు కూడా అంచు దాకా చదునుగా అణిగి ఉన్నాయి. అంటే మొదటి గుండే నాతో మాట్లాడింది. లక్ష్యం వైపు చూస్తూ నేను వినిపించుకోలేదు. తుపాకీ గట్టిది కనుక ఈ జవాబు రాయడానికి రెండు కళ్ళూ మిగిలాయి.

మూడోది నెట్ పట్టిక. ఎవరు పరీక్షించారో, ఏ బ్యారెల్‌లోనో, ఏ కేస్‌తోనో లేని పట్టిక అది. అటువంటివి తరచుగా ఒక పాత పుస్తకం నుంచి ఒకరు టైపు చేసి, వారి నుంచి ఇంకొకరు నకలు తీసినవి. టైపు చేసేటప్పుడు 1 కాస్తా 7 అయితే అడిగేవారుండరు. ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు ఏఐ చాట్‌బాట్‌ను లోడ్ అడుగుతున్నారని విన్నాను. అది పరీక్ష చేయదు, బాగా కుదిరినట్టు కనిపించే వాక్యాన్ని రాస్తుంది. గ్రెయిన్ల అంకెను కూడా అంతే నమ్మకంగా రాస్తుంది. లోడ్ విషయంలో దాన్ని అడగడం మానేయండి.

అయితే ఎక్కడ చూడాలి? ముందు పౌడర్ తయారీదారు. హాడ్జ్‌డన్ తన పౌడర్లతో పాటు ఐఎంఆర్, వించెస్టర్ పౌడర్లకు కూడా పరీక్షించిన డేటాను తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతుంది; ఫిన్లాండ్‌కు చెందిన వీటావోరి, అమెరికాకు చెందిన ఎలయంట్ కూడా అలాగే ఇస్తాయి. రెండోది బుల్లెట్ తయారీదారు: సియెర్రా, హార్నడీ, నాస్లర్, బర్గర్, బార్న్స్ వంటివారు తమ బుల్లెట్లకు తామే పరీక్షించి మాన్యువళ్ళు వేస్తారు. ఏ పౌడర్‌తోనూ ఏ బుల్లెట్‌తోనూ ప్రత్యేక సంబంధం పెట్టుకోకుండా అందరివీ కలిపి పరీక్షించే లైమన్ వంటి పనిముట్ల కంపెనీ మాన్యువల్ మూడోది. నా అలవాటు ఏమిటంటే, ఈ మూడు రకాల్లో కనీసం రెండింటిలో అదే జోడీ దొరికే దాకా పౌడర్ డబ్బా మూత తీసేవాణ్ణి కాదు. అచ్చు పుస్తకం అయితే తాజా ముద్రణ కొనండి. కొత్త మాన్యువల్ ధర రేంజ్‌లో ఒక పూట ఖర్చుకు మించదు.

రెండు మంచి మాన్యువళ్ళు తెరిచినా అంకెలు కలవవు. దీనికి కంగారు పడనక్కర్లేదు. ఒకరు 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌లో పేల్చి ఉంటారు, మరొకరు మామూలు రైఫిల్‌లో. ఒకరి బ్యారెల్ లోపలి కొలత కాస్త బిగువుగా ఉండొచ్చు, మరొకరి పౌడర్ లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) కాస్త చురుకుగా ఉండొచ్చు. రెండు నివేదికలూ నిజమే. మీరు చేయాల్సింది రెండింటిలో తక్కువగా ఉన్న ప్రారంభ తూకంతో మొదలుపెట్టి, తక్కువగా ఉన్న గరిష్ఠాన్ని మీ హద్దుగా పెట్టుకోవడం. కొన్నిచోట్ల గరిష్ఠం ఒక్కటే ఇస్తారు. అప్పుడు అందులో పది శాతం తగ్గించి మొదలుపెట్టమన్నది వాడుకలో ఉన్న నియమం. అయితే ఆ పౌడర్ గురించి తయారీదారు వేరే మాట చెప్పి ఉంటే ఆ మాటే చెల్లుతుంది.

ఈ చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అన్న నమ్మకం కూడా తప్పే. నిదానంగా మండే పౌడర్‌ను కేస్ సగం ఖాళీగా ఉండేంత తక్కువగా పోస్తే అది సరిగా అంటుకోకపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కిన తర్వాత ఆలస్యంగా పేలవచ్చు, లేదా ఊహించని ఒత్తిడిని పుట్టించవచ్చు. హెచ్110 అనే పిస్తోలు పౌడర్‌ను గరిష్ఠం నుంచి మూడు శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారు హెచ్చరిస్తాడు. దానికి పూర్తి విరుద్ధంగా, హెచ్4895ను తమ పట్టికలోని గరిష్ఠంలో అరవై శాతమే మిగిలేదాకా (అంటే నలభై శాతం వరకు) తగ్గించి వాడుకోవచ్చని అదే తయారీదారు రాతపూర్వకంగా చెబుతాడు. పౌడర్ పేరు మారితే నియమమే తలకిందులవుతుంది. అరవై శాతం మాట హెచ్4895 గురించే, దాన్ని తీసుకెళ్ళి పక్క డబ్బాకు అంటించకండి.

బుల్లెట్ విషయంలోనూ బరువు ఒక్కటే చూడకండి. “168 గ్రెయిన్లు” అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. లోపల సీసం, పైన రాగి తొడుగు ఉన్న బుల్లెట్‌నూ, మొత్తం రాగితోనే చేసిన బుల్లెట్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. రాగి సీసం కన్నా తేలిక కనుక అదే బరువు రావడానికి రెండోది పొడవుగా ఉంటుంది. ఆ అదనపు పొడవు కేస్ లోపలికి దిగి పౌడర్ చోటును ఆక్రమిస్తుంది; బ్యారెల్ గాడులతో రాసుకునే తీరు కూడా వేరుగా ఉంటుంది. రెండు కారణాలూ ఒత్తిడిని మార్చేవే. కేస్ కూడా అంతే. సైన్యం వాడి వదిలేసిన 7.62 ఇత్తడి కేస్ బయటి కొలతలో మీ .308 కేస్ లాగే ఉంటుంది కానీ గోడలు మందం, లోపల చోటు తక్కువ. వాణిజ్య కేస్‌తో తేల్చిన తూకాన్ని అందులో పోస్తే ఒత్తిడి పెరుగుతుంది. ప్రైమర్‌ను మామూలుది నుంచి మ్యాగ్నమ్‌కు మార్చినా, బుల్లెట్‌ను బ్యారెల్ గాడులకు ఆనేంత బయటికి అమర్చినా అంతే. వీటిలో ఏది మార్చినా, అదే పౌడర్ కొత్త లాట్ డబ్బా తెరిచినా, మళ్ళీ కింది నుంచి పైకి రావాల్సిందే.

ఇక తూకం. మన దగ్గర బంగారాన్ని గురిగింజలతో తూచిన రోజులు మీ అమ్మమ్మ గారికి తెలుస్తాయి. ఒక గురిగింజ దాదాపు 0.12 గ్రాములు, ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, అంటే గురిగింజలో సగానికి కాస్త ఎక్కువ. మీరు గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూచాలి. పత్తర్‌గట్టీ వైపు పాత నగల దుకాణంలో కంసాలి త్రాసును అద్దాల పెట్టెలో ఎందుకు పెడతాడో, తూచే ముందు కుర్రాణ్ణి పిలిచి ఫ్యాను ఎందుకు ఆపిస్తాడో నాకు ఒహాయోలో గానీ అర్థం కాలేదు. చలికాలం ఒక రాత్రి గ్యారేజీలో తూస్తుంటే నా ఎలక్ట్రానిక్ స్కేల్ అదే చిటికెడు పౌడర్‌కు ఒకసారి ఒక తూకం, మరుక్షణం 0.4 గ్రెయిన్లు ఎక్కువ చూపింది. బ్యాటరీ మార్చాను, సున్నా చేశాను, అలాగే ఉంది. చివరికి చూస్తే తల మీద హీటర్ గాలి గొట్టం. అది ఆన్ అయినప్పుడల్లా పళ్ళెం మీద గాలి తగులుతోంది. అప్పటి నుంచి పరీక్ష తూకంరాళ్ళు బల్ల మీద ఉంచి, ప్రతి పది తూటాలకు ఒకసారి వాటితో స్కేల్‌ను సరిచూసుకునేవాణ్ణి. మీ టెక్సాస్‌లో ఏసీ గాలి అదే పని చేస్తుంది. స్కేల్ మీద గ్రాములు, క్యారెట్లు, గ్రెయిన్లు మార్చే మీట ఉంటుంది. ఒక గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు కనుక, మొదలుపెట్టే ముందు తెరపై ఏ గుర్తు ఉందో నోటితో చదవండి. గ్రెయిన్ అంటే పౌడర్ పలుకు అనుకొని పలుకులు లెక్కపెట్టబోయిన కొత్తవాణ్ణి ఒకణ్ణి చూశాను. అతను కనీసం అడిగాడు.

బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. పని ముగిశాక కొలపాత్రలో మిగిలిన పౌడర్‌ను ఆ డబ్బాలోకే పోసేసి లేవాలి. పోసిన కేస్‌లన్నిటినీ చెక్క దిమ్మెలో నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చి వేసి పైనుంచి చూడండి. మట్టం ఎక్కడైనా ఎత్తుగానో పల్లంగానో ఉంటే వెంటనే కనిపిస్తుంది. పౌడర్ అసలు పడని కేస్ కూడా చిన్న ప్రమాదం కాదు. ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి తోసి అక్కడే ఇరికించగలదు, దాని వెనక మరో గుండు పేలిస్తే బ్యారెల్ చీలుతుంది. శబ్దం బలహీనంగా వినిపిస్తే పేల్చడం ఆపి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ గుండా వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. నొక్కినా పేలకపోతే బ్యారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగిన తర్వాతే బోల్ట్ తెరవాలి.

రేంజ్‌లో ప్రారంభ తూకంతో మొదలుపెట్టి, .308 పరిమాణం కేస్‌కు 0.3 నుంచి 0.5 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టుకు మూడేసి తూటాలు సరిపోతాయి. ప్రతి గుండు తర్వాతా కేస్‌ను చేతిలోకి తీసుకొని చూడండి. ప్రైమర్ అంచులు చదును కావడం, పిన్ను గుంట చుట్టూ గట్టు లేవడం, మడమ మీద మెరిసే అచ్చు, బోల్ట్ బరువుగా లేవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆ మెట్టు దగ్గరే ఆగి, పై మెట్టు తూటాలను ఇంటికి తెచ్చి విప్పేయాలి. అయితే ఈ గుర్తులు ఆలస్యంగా వస్తాయని గుర్తుంచుకోండి. అవి కనిపించే నాటికి చాలాసార్లు హద్దు దాటిపోయి ఉంటాం. .30-30 వంటి తూటాకు హద్దు 42,000 పీఎస్‌ఐ, .45-70కు 28,000 మాత్రమే కనుక, పాత తుపాకీల్లో ఇత్తడి ఏ గుర్తూ చూపకముందే ఉక్కు ప్రమాదంలో పడవచ్చు. అందుకే క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగాన్ని కొలిచే పరికరం) కొనమంటాను. మాన్యువల్‌లో గరిష్ఠ తూకానికి ఇచ్చిన వేగం మీ రైఫిల్‌లో అంతకన్నా తక్కువ తూకంతోనే వచ్చేస్తే, ప్రైమర్ ఎంత అందంగా ఉన్నా మీ ఒత్తిడి అప్పటికే గరిష్ఠం దగ్గర ఉందని అర్థం. వేగం ఉచితంగా రాదు.

జనవరిలో తేల్చుకున్న లోడ్‌ను ఆగస్టులో నమ్మకండి. కొన్ని పౌడర్లు వేడికి అంతగా చలించవు, కొన్ని గణనీయంగా చలిస్తాయి. మే నెలలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టి చూసిన హైదరాబాదీకి తూటాల డబ్బాను ట్రక్కులో వదిలేయకూడదని వేరే చెప్పాలా? నోటు పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, పౌడర్ పూర్తి పేరు, లాట్ నంబరు, కేస్, ప్రైమర్, బుల్లెట్, మొత్తం పొడవు, వేగం అన్నీ రాయండి. డబ్బా మీద కూడా అదే చీటీ అంటించండి.

ఆ సగం డబ్బా 4895 గురించి మీరు అడగలేదు కానీ నా జవాబులో ముఖ్యమైన భాగం అదే. దాన్ని వాడకండి. మూత తీసి ఉన్న డబ్బాలో లేబుల్ చెప్పిన పౌడరే ఉందని చెప్పడానికి పెద్దాయన జ్ఞాపకం తప్ప సాక్ష్యం లేదు. ఏదో ఒక రాత్రి కొలపాత్రలో మిగిలిన వేరే పౌడర్‌ను అందులో పోయలేదని ఆయన కూడా ప్రమాణం చేయలేరు. రంగు, ఆకారం చూసి పోల్చే విద్య ఎవరికీ లేదు. ఘాటైన ఆమ్ల వాసన వచ్చినా, తుప్పు రంగు పొడి కనిపించినా అది చెడిపోయిందనే అర్థం. కానీ వాసన బాగున్నంత మాత్రాన అది 4895 అయిపోదు. చెత్తడబ్బాలోనో సింకులోనో వేయకండి. పెరట్లో గడ్డి మీద పలుచగా చల్లేస్తే సరిపోతుంది, అందులోని నైట్రోజన్ గడ్డికి పనికొస్తుంది. కొత్త డబ్బా కొని, దాని మీదున్న పూర్తి పేరుతో తయారీదారు పట్టికలో వెతికితే మీ మూడు అంకెల తగాదా అక్కడితో తీరిపోతుంది.

చివరగా, ఇదంతా టెక్సాస్‌లో మీకు చట్టబద్ధమైన అభిరుచి కనుక చెప్పాను. ఇది చదివే హైదరాబాద్ మిత్రులు గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్తున్నాం కదా, ఇంట్లో ఒక ప్రెస్ పెట్టుకుందాం అనుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. మీ గోడమీది తుపాకీ లైసెన్సు తూటా కొనడానికే గానీ చేయడానికి కాదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. అంతేకాదు, అదే చట్టంలో “అమ్యూనిషన్” అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం తూటా భాగాలనూ, తూటాలు తయారుచేసే యంత్రాలనూ కూడా కలుపుకుంటుంది. అందుకే ప్రైమర్ ఊడిన ఆ .30-06 కేస్‌ను నేను ఇక్కడికి తెచ్చుకోలేదు, ఫొటో మాత్రమే ఉంది.

మీరు సంక్రాంతికి వస్తున్నానని రాశారు. రేంజ్‌కు తీసుకెళ్ళే బ్యాక్‌ప్యాక్‌ను ప్రయాణానికి వాడకండి. పక్క జేబు కుట్లలో ఇరుక్కున్న ఒక్క తూటా డాలస్‌లో ఎవరికీ పట్టకపోవచ్చు, శంషాబాద్ స్కానర్‌లో అదే కేసు అవుతుంది. బయట మీ అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటే మీరు లోపల పోలీసులకు వివరణ రాసుకుంటూ ఉంటారు. ఆ సంచీని గ్యారేజీలో ప్రెస్ పక్కనే వదిలేసి, అరిసెలకు చోటుంచుకొని ఖాళీ సూట్‌కేసుతో రండి.